హైదరాబాద్ నుంచి అరకుకు ఇద్దరే వెళ్తుంటే: రైలా, బస్సా, విమానమా, సొంత కారా?

నవంబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఒకే చర్చ. అరకు వెళ్దామా, వెళ్తే ఎలా వెళ్దాం? ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తాం. దొరికేది శుక్రవారం సాయంత్రం నుంచి మంగళవారం రాత్రిదాకా, అంతే. కూకట్‌పల్లిలో ఇంటి తలుపు వేసిన నిమిషం నుంచి అరకులో కాఫీ కప్పు చేతిలోకి వచ్చేదాకా ఉన్న దారులన్నీ ఈ ఐదారేళ్లలో ఒక్కొక్కటిగా ప్రయత్నించాం. ఇద్దరు మాత్రమే వెళ్లేటప్పుడు లెక్క వేరుగా ఉంటుంది. నలుగురి కుటుంబానికి చవకైన దారి ఇద్దరికి ఖరీదవుతుంది, ఒంటరి మనిషికి సరిపోయేది ఇద్దరికి ఇబ్బందవుతుంది. మేము చూసుకున్న లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో రాసిన ఛార్జీలు సుమారువి. రైలు ఛార్జీలు పెద్దగా మారవు గానీ బస్సు, విమానం, టాక్సీ ధరలు రోజును బట్టి మారతాయి. బుక్ చేసే రోజున ఒకసారి చూసుకోండి.

## ముందు చూసుకోవలసినవి

మొదటిది, ఏ ఖర్చు తలకు, ఏ ఖర్చు బండికి? రైలు, బస్సు, విమానం టికెట్లు తలకు. టాక్సీ, హోటల్ గది, పెట్రోలు బండికి లేదా గదికి. ఇద్దరే ఉంటే తలకు పడే ఖర్చు రెండింతలే అవుతుంది, కాబట్టి అక్కడ మనకు మేలు. బండికి పడే ఖర్చును పంచుకోవడానికి మాత్రం ఇద్దరమే ఉంటాం. నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకుంటే ఒక్కొక్కరికి పడేదానికి రెట్టింపు మనకు పడుతుంది. ట్రిప్పులో డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ జారిపోతుందో ఈ ఒక్క విషయమే తేల్చేస్తుంది.

రెండోది, నిద్ర. రాత్రి ప్రయాణం చేస్తే ఒక రోజు సెలవు, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతాయని అందరూ అంటారు. ఇద్దరికీ నిద్ర పడితేనే ఆ మాట నిజం. మా ఆయనకు బస్సులో కన్ను మూతపడదు. ఆయన మర్నాడంతా తూగుతూ ఉంటే మాకు మిగిలిన రోజంటూ ఏమీ లేదు.

మూడోది, గడప నుంచి గడపకు పట్టే సమయం. విమానం గంటా పావు అని చూసి మురిసిపోకూడదు. నాలుగోది, దిగిన తర్వాత పరిస్థితి. తెల్లవారుజామున దిగితే స్నానం ఎక్కడ, సామాను ఎక్కడ? ఐదోది, ప్లాన్ మారితే ఎంత పోతుందన్నది.

## హైదరాబాద్ నుంచి విశాఖ దాకా

ముందు అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఖర్చులన్నీ ఇద్దరికి, రానూపోనూ, రూపాయల్లో.

| దారి | ఇద్దరికి రానూపోనూ | గడప నుంచి గడపకు, ఒకవైపు | నిద్ర |
|---|---|---|---|
| రాత్రి రైలు, థర్డ్ ఏసీ | 4,400 – 4,800 | 14 – 15 గంటలు | బాగా పడుతుంది |
| రాత్రి రైలు, సెకండ్ ఏసీ | 6,000 – 6,800 | 14 – 15 గంటలు | ఇంకా బాగా |
| వందే భారత్, చైర్ కార్ | 7,000 చుట్టుపక్కల | 10 – 11 గంటలు | పగలు కూర్చోవాలి |
| ఏసీ స్లీపర్ బస్సు | 5,000 – 8,000 | 13 – 14 గంటలు | మనిషిని బట్టి |
| విమానం, రెండు చోట్లా క్యాబ్‌లు కలిపి | 16,000 – 25,000 | 5 – 6 గంటలు | అక్కర్లేదు |
| సొంత కారు | 9,500 – 11,500 | 12 – 13 గంటలు | నడిపేవారికి లేదు |

### రాత్రి రైలు

గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1 నుంచి నడుస్తోంది. విశాఖ, హైదరాబాద్ మధ్య తిరిగే తెలుగువాళ్లకు అది ఇంటి బండి లాంటిది. సాయంత్రం ఐదు ప్రాంతంలో నాంపల్లిలో బయల్దేరి తెల్లవారేసరికి విశాఖలో దించుతుంది. చిక్కు ఒక్కటే, శుక్రవారం ఆ టైముకు ఆఫీసు నుంచి బయటపడటం కష్టం. అలాంటివాళ్లకు సికింద్రాబాద్‌లో రాత్రి ఎనిమిది దాటాక బయల్దేరే గరీబ్‌రథ్ ఉంది. అంతా ఏసీయే, మామూలు థర్డ్ ఏసీ కన్నా ఛార్జీ తక్కువ. దుప్పటి, దిండు ఛార్జీలో కలిసి ఉన్నాయో లేదో మాత్రం బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

ఇద్దరికి బెర్తుల ఎంపిక గురించి ఒక మాట. సెకండ్ ఏసీలో సైడ్ లోయర్, సైడ్ అప్పర్ మా ఇద్దరికీ బాగా నచ్చిన జోడీ. కర్టెన్ వేసుకుంటే ఆ మూల మనదే, ఎదురుగా కొత్తవాళ్లు ఉండరు. ఎత్తు ఎక్కువ ఉన్నవాళ్లకు సైడ్ బెర్తు కాస్త ఇరుకు. ఫస్ట్ ఏసీలో ఇద్దరికే ఉండే కూపేలు ఉంటాయి. అయితే బుక్ చేసేటప్పుడు కూపే మనకే వస్తుందన్న హామీ ఉండదు, చార్ట్ తయారయ్యేటప్పుడు కేటాయిస్తారు. కూపే కోసమే అంత డబ్బు పెట్టాలనుకుంటే ఈ సంగతి తెలుసుకుని పెట్టండి.

ఆర్ఏసీ వస్తే, అంటే పూర్తి బెర్తు ఖాయం కాకపోతే, ఇద్దరికీ కలిపి ఒక సైడ్ లోయర్ బెర్తు ఇస్తారు. కొత్తవాళ్లతో పంచుకోవడం కన్నా భార్యాభర్తలకు అది నయమే గానీ పన్నెండు గంటల రాత్రికి సరిపోదు. నేనైతే కన్ఫర్మ్ బెర్తులు దొరికితేనే బుక్ చేయమనే గడిని టిక్ చేసి పెడతాను.

వయసు పైబడిన దంపతులకు రాత్రి రైలే మంచిదని నా గట్టి అభిప్రాయం. 60 ఏళ్లు దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి లోయర్ బెర్త్ కోటా ఉంది. ఒంటరిగా గానీ, ఒకే టికెట్ మీద ఇద్దరుగా గానీ వెళ్లేటప్పుడే ఆ కోటా పనిచేస్తుంది. అమ్మా నాన్నల టికెట్‌లో మన పేర్లు కూడా చేర్చి నలుగురికి కలిపి తీస్తే అది పోతుంది. వాళ్లిద్దరికీ విడిగా తీయండి. గర్భిణులకు కూడా లోయర్ బెర్త్ కోటా ఉంది. సీనియర్ సిటిజన్ రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, కాబట్టి బడ్జెట్‌లో పూర్తి ఛార్జీ వేసుకోండి.

ఇక దిగిన తర్వాతి సంగతి. మేము మొదటిసారి పొద్దున ఆరింటికే హోటల్‌కు చేరాం. అక్కడ చెక్ ఇన్ మధ్యాహ్నం పన్నెండుకు. సామానుతో, స్నానం లేకుండా లాబీలో కూర్చున్నాం. ముందే ఫోన్ చేసి అడిగి ఉంటే సగం రోజు పోయేది కాదు. విశాఖలో 24 గంటల చెక్ అవుట్ ఇచ్చే లాడ్జీలు చాలానే ఉన్నాయి. ఏ గంటకు దిగితే ఆ గంట నుంచే రోజు లెక్క. రాత్రి రైలు దిగేవాళ్లు గది ఎంచుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ కన్నా ముందు చూడవలసింది ఇదే. లేదంటే మీ టికెట్ పీఎన్ఆర్‌తో స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ కొన్ని గంటలకు తీసుకోవచ్చు.

### వందే భారత్

సికింద్రాబాద్, విశాఖ మధ్య మొదటి వందే భారత్ 2023 జనవరి 15న మొదలైంది, రెండోది 2024 మార్చిలో వచ్చింది. ఒకటి తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో, ఇంకొకటి మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో బయల్దేరతాయి. ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల ప్రయాణం.

వెళ్లేటప్పుడు ఇది మాలాంటివాళ్లకు పనికిరాదు. ఐదింటి బండి అందుకోవాలంటే మూడున్నరకు లేవాలి, చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మూడింటి బండి ఎక్కితే విశాఖలో దిగేది అర్ధరాత్రికి కాస్త ముందు. ఆ రాత్రి హోటల్ డబ్బు కట్టాలి, పగలంతా పోయినట్టే. వచ్చేటప్పుడు మాత్రం మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో విశాఖలో బయల్దేరే బండి చాలా ఉపయోగం. పొద్దున బీచ్‌కు వెళ్లి, టిఫిన్ చేసి, గది ఖాళీ చేసి, నింపాదిగా ఎక్కవచ్చు. రాజమండ్రి దగ్గర గోదావరి దాటేటప్పుడు కిటికీ పక్కన ఉంటే ఆ టికెట్ డబ్బు అక్కడే వచ్చేసినట్టు అనిపిస్తుంది నాకు. సికింద్రాబాద్ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, క్యాబ్ ఖర్చు లెక్కలో వేసుకోండి.

టికెట్ తీసేటప్పుడు భోజనం వద్దనుకుంటే ఆ మేరకు ఛార్జీ తగ్గుతుంది. మేము పులిహోర కట్టుకుని వెళ్తాం.

### బస్సు

మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట వైపు ఉండేవాళ్లకు బస్సు ఇంటి దగ్గరే ఆగుతుంది. విశాఖలో కూడా గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, ద్వారకా బస్ స్టేషన్ అని నాలుగైదు చోట్ల దించుతుంది. గడప నుంచి గడపకు లెక్క వేస్తే రైలు కన్నా తక్కువ టైమే పడుతుంది. స్లీపర్ బస్సుల్లో ఒకవైపు జంట బెర్తులు, రెండోవైపు ఒంటి బెర్తులు ఉంటాయి. ఇద్దరికీ కింది జంట బెర్తు దొరికితే ఏకాంతం విషయంలో సెకండ్ ఏసీ కన్నా మెరుగు. చివరి వరుస మాత్రం వద్దు, కుదుపు ఎక్కువ.

ఆఖరి నిమిషంలో ప్రయాణం ఖాయమైనవాళ్లకు, రాత్రి తొమ్మిది తర్వాతే బయల్దేరగలిగేవాళ్లకు బస్సే దిక్కు. బాత్రూమ్‌కు తరచు వెళ్లవలసిన వాళ్లు, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు బస్సు జోలికి వెళ్లకపోవడమే మంచిది. పండగ రోజుల్లో ప్రైవేటు బస్సుల ధర రెండు మూడు రెట్లు అవుతుంది. అప్పుడు ముందు ఆర్టీసీ సర్వీసులు చూడండి.

### విమానం

శంషాబాద్ దాకా గంట పైన, రెండు గంటలు ముందు చేరాలి, ఎగిరేది గంటా పావు, దిగాక సామాను, క్యాబ్. ఐదారు గంటలు తేలిగ్గా అవుతుంది. థర్డ్ ఏసీతో పోలిస్తే ఇద్దరికీ రానూపోనూ పదకొండు వేలకు పైగా ఎక్కువ పెట్టి కొనేది ఒక్కో వైపు తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలు పగటివైతే విలువ ఉంది. రాత్రివైతే ఎలాగూ రైల్లో పడుకునే గంటలే కదా, వాటికి అంత డబ్బు ఎందుకు?

శని, ఆదివారాలు తప్ప సెలవు లేని జంటకు ఒకవైపు విమానం, అదీ తిరుగు ప్రయాణంలో, సరైన పని. ఆదివారం సాయంత్రం దాకా అక్కడే ఉండి రాత్రికి ఇల్లు చేరవచ్చు. విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయంలో దిగే విమానమైతే అక్కడి నుంచి విశాఖకు నలభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. టికెట్ మీద ఏ విమానాశ్రయమో చూసి క్యాబ్ లెక్క వేసుకోండి.

### సొంత కారు

సుమారు 620 కిలోమీటర్లు. విజయవాడ దాకా ఒక హైవే, అక్కడి నుంచి ఏలూరు, రాజమండ్రి, తుని మీదుగా ఇంకొకటి. లీటరుకు 16 కిలోమీటర్లు వేసుకున్నా ఒకవైపు దాదాపు 39 లీటర్లు, అంటే నాలుగు వేల పైమాట. టోల్ వేరు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఏడాది పాటు లేదా 200 ట్రిప్పుల దాకా జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో చెల్లుతుంది. ఇలాంటి ప్రయాణాలు ఏడాదికి రెండు మూడు చేసేవాళ్లకు అది కలిసివస్తుంది.

టేబుల్‌లో కారు ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది గానీ అందులో ఒక సంగతి దాగి ఉంది. విశాఖలో తిరగడానికి, అరకు వెళ్లిరావడానికి టాక్సీ అక్కర్లేదు. అక్కడ ఆరేడు వేలు మిగులుతాయి. కాబట్టి ఖర్చు పరంగా కారు రాత్రి రైలుకు దగ్గరికే వస్తుంది. అలసట మాత్రం తగ్గదు. ఇద్దరూ డ్రైవింగ్ చేసేవాళ్లయితే, నాలుగు రోజులకు మించి సెలవు ఉంటే, దారిలో విజయవాడలోనో రాజమండ్రిలోనో బంధువుల ఇల్లు ఉంటే కారు తీయండి. ఒక్కరే నడపాలంటే వద్దు. పన్నెండు గంటలు హైవే మీద నడిపి, మర్నాడే ఘాట్ ఎక్కడం ప్రాణాలతో చెలగాటం.

## విశాఖ నుంచి అరకు: అసలు ఎంపిక ఇక్కడే

హైదరాబాద్ నుంచి ఎలా వచ్చామన్నది నాలుగు రోజుల తర్వాత మరిచిపోతాం. ఘాట్ ఎలా ఎక్కామన్నది గుర్తుండిపోతుంది. అందుకే డబ్బు మిగిల్చేది మొదటి ప్రయాణంలో మిగిల్చి, ఇక్కడ కాస్త ఖర్చు పెట్టమంటాను.

కిరండూల్ ప్యాసింజర్ పొద్దున ఏడు లోపు విశాఖలో బయల్దేరి, పదిన్నర, పదకొండు మధ్య అరకు చేరుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో వేసిన మార్గం ఇది. యాభైకి పైగా సొరంగాలు, లోయల మీద వంతెనలు. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను 2017 ఏప్రిల్‌లో చేర్చారు. విస్టాడోమ్‌లో తలకు ఏడొందల దగ్గర, అదే బండిలో రిజర్వేషన్ ఉన్న సెకండ్ సిటింగ్ వంద లోపే.

అంత తేడాకు విస్టాడోమ్ అవసరమా? తొలిసారి వెళ్తుంటే అవసరమే, ఒకవైపుకు. రెండోసారి మేము సెకండ్ సిటింగ్‌లో వెళ్లాం. కిటికీ ఊచల్లోంచి తగిలే చల్లగాలి, చేతికందే దూరంలో చెట్లు అద్దాల పెట్టెలో దొరకవు. జనం ఎక్కువ, వచ్చీపోయేవాళ్ల తోపులాట ఉంటుంది, అది భరించగలిగితే నేనైతే దానికే ఓటేస్తాను.

టాక్సీ అయితే శృంగవరపుకోట మీదుగా సుమారు 115 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేలా నాలుగు నుంచి ఆరు వేలు అడుగుతారు. టైడా, డముకు, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్, బొర్రా గుహలు, కటికి జలపాతం అన్నీ రోడ్డున వెళ్లేవాళ్లకే అనుకూలం. రైల్లో అరకు దాకా వెళ్లిపోతే బొర్రా కోసం మళ్లీ ముప్ఫై చిల్లర కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఘాట్ మలుపుల్లో నాకు తల తిరుగుతుంది. అలాంటివాళ్లు ఎక్కేటప్పుడు రైలెక్కండి. దిగేటప్పుడు మధ్యమధ్యలో ఆగుతూ వస్తే రోడ్డు అంత ఇబ్బంది పెట్టదు.

ఆర్టీసీ బస్సు అన్నిటికన్నా చవక, తలకు రెండొందల చుట్టుపక్కల. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటే ఒరిజినల్ కార్డు వెంట ఉంచుకోండి. మీరు ఎక్కే సర్వీసుకు వర్తిస్తుందో లేదో కండక్టర్‌ను ముందే అడగండి. విశాఖలో స్కూటీ అద్దెకు తీసుకుని బీచ్ రోడ్డు, ఋషికొండ, భీమిలి తిరగడం హాయిగా ఉంటుంది. దాని మీద అరకు ఘాట్ ఎక్కడం మాత్రం, ముఖ్యంగా డిసెంబర్ పొగమంచులో, వద్దనే చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ టూరిజం వాళ్లు రైల్లో తీసుకెళ్లి బస్సులో తెచ్చే ప్యాకేజీ నడుపుతారు. తలకు లెక్క కాబట్టి ఇద్దరికి టాక్సీ కన్నా తక్కువే పడుతుంది. భోజనం, టికెట్ల టెన్షన్ ఉండదు. నచ్చిన చోట అరగంట ఎక్కువ కూర్చునే వీలూ ఉండదు. పెద్దవాళ్లకు, ఒక్క రోజే ఉన్నవాళ్లకు మంచిది. కొత్తగా పెళ్లయినవాళ్లకు నేను చెప్పను.

కొత్త జంటలు అరకులో ఒక రాత్రయినా ఉండండి. సాయంత్రం నాలుగు తర్వాత విశాఖ నుంచి వచ్చిన బండ్లన్నీ వెళ్లిపోతాయి, ఊరు నెమ్మదిస్తుంది, చలి దిగుతుంది. బొంగులో చికెన్ కాలుతున్న వాసన వస్తూ ఉంటుంది. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి చూడటానికి అక్కడే ఆటో మాట్లాడుకుంటే విశాఖ టాక్సీని రెండు రోజులు ఆపుకోవడం కన్నా చాలా తక్కువ అవుతుంది. హోటల్‌లో ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు, ఒక్కరిది సరిపోదు.

## ఇలా కలపండి

నాలుగు రోజులున్నవాళ్లు వెళ్లడానికి రాత్రి రైలు, మొదటి రోజు విశాఖ, రెండో రోజు కిరండూల్ బండి, రాత్రి అరకు, మూడో రోజు టాక్సీలో బొర్రా చూసుకుంటూ దిగడం, నాలుగో రోజు మధ్యాహ్నం వందే భారత్. మేము స్థిరపడింది దీని మీదే. గోదావరి దిగి అదే పొద్దున కిరండూల్ బండి ఎక్కేద్దామని మాత్రం ప్లాన్ వేయకండి. మధ్యలో ఉండేది గంట అటూ ఇటూ. రాత్రి బండి కాస్త ఆలస్యమైతే రెండో టికెట్టు, అరకులో గది, రెండూ పోతాయి.

రెండే రోజులున్నవాళ్లు శుక్రవారం రాత్రి బస్సు లేదా గరీబ్‌రథ్, శనివారం దిగిన వెంటనే టాక్సీలో అరకు, రాత్రి అక్కడే, ఆదివారం సాయంత్రం విమానం. వాళ్లు విస్టాడోమ్ మీద ఆశ వదులుకోవాలి, టైము సరిపోదు.

ఇక బుకింగ్. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. 2024 అక్టోబర్ దాకా అది 120 రోజులు. తత్కాల్ ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, అది ఇద్దరిలో ఒకరిదైనా ముందే చేసి పెట్టుకోండి. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విశాఖ వైపు, పండగయ్యాక విశాఖ నుంచి హైదరాబాద్ వైపు దేనిలోనూ చోటుండదు. ఆ వారం వదిలేయండి.

తేదీ ఖాయం చేసేటప్పుడు అందరూ హైదరాబాద్ టికెట్‌తో మొదలుపెడతారు. మేము తిరగేసి చేస్తాం. అన్నిటికన్నా దొరకనివి విస్టాడోమ్‌లో పక్కపక్క సీట్లు, వారాంతంలో అరకులో గది. ఆ రెండూ ఏ తేదీకి దొరికితే అదే మా తేదీ. గోదావరిలో దొరక్కపోతే గరీబ్‌రథ్, అదీ లేకపోతే బస్సు. విశాఖ దాకా రావడానికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.